బిడ్డ ప్రశ్నకు తల్లి బదులు

అమెరికా దేశమున 1989వ సంవత్సరమున వెలువడిన "డెడ్ పొయెట్స్ సొసైటీ" యను చిత్రమును గూర్చి ముచ్చటించువారందరును అందలి ఉపాధ్యాయుని గూర్చియే ముచ్చటింతురు. మేము మాత్ర మందలి యొక తల్లిని గూర్చి మొదట చెప్పదలచితిమి. ఆమె తెరపై కనబడునది మిక్కిలి కొలది సేపు. పలికిన మాటలు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. రాత్రివేళ భర్త కుమారుని మందలించి, తన నిర్ణయము చెప్పి లేచిపోయిన పిమ్మట, ఆ పిల్లవాడు తా నానాడు నాటకములో చక్కగా నటించితినని చెప్పును. ఆమె వినెను. ఇక పోయి నిదురింపుమనెను. ఆ రాత్రియే ఆ బిడ్డ ప్రాణము తీసికొనెను.

చిత్రమును చూడని సోదరీమణుల కొరకు కథను క్లుప్తముగా తెలిపెదము. కాలము 1959. వర్మాంటు రాష్ట్రములో వెల్టను అను బాలుర వసతి పాఠశాల. సంప్రదాయము, గౌరవము, క్రమశిక్షణ, శ్రేష్ఠత యను నాలుగును ఆ బడికి నాలుగు స్తంభములట; విద్యార్థులచే ఆ మాటలనే వల్లె వేయింతురు. ఆ బడిలోనే పూర్వము చదివిన కీటింగు అను నతడు ఆంగ్లోపాధ్యాయుడై వచ్చును. ఈ పాత్రను రాబిన్ విలియమ్స్ ధరించెను; దర్శకుడు పీటర్ వియర్. కథ వ్రాసిన టామ్ షుల్మన్‌కు ఆస్కారు బహుమాన మిచ్చిరి. కీటింగు తొలినాడే పిల్లలను నడవలోనికి తీసికొనిపోయి, గోడపై నున్న పాత విద్యార్థుల ఛాయాపటములను చూపును. వీరును మీవలెనే ఉరకలు వేసినవారే, నేడు మట్టిలో నున్నారు, కనుక నేటి దినమును జారవిడువకుడని బోధించును. ఇది క్రీస్తునకు పూర్వము రోములో నున్న హొరేసు కవి భావము. కవిత్వమును గీతలు గీసి కొలుచు పీఠికను పుస్తకమునుండి చింపివేయించును. బల్ల లెక్కి లోకమును మరియొక యెత్తునుండి చూడుమనును.

పిల్లలలో నీల్ అనువానికి నటనపై ప్రీతి. తండ్రికి వానిని వైద్యుని చేయవలెనని పట్టుదల. టాడ్ అను నింకొక పిల్లవాడు నోరు విప్పలేని పిరికి. వాని పుట్టినరోజునకు తల్లిదండ్రులు వ్రాతబల్లపై నుంచుకొను సామగ్రిని బహుమానముగా పంపిరి. అంతకు ముందటి యేడును అదే సామగ్రిని పంపియుండిరి! ఈ చిన్న ఘట్టము మా కెంతయో నచ్చినది. వా రా బిడ్డను కొట్టలేదు, తిట్టలేదు, ఆకలికి మాడ్చలేదు. వాడెవ్వడో తెలిసికొనలేదు, అంతియే.

నీల్ తన గోడు గురువుతో చెప్పుకొనెను. నాతో చెప్పిన మాటలే మీ తండ్రితో చెప్పుమని గురువు సలహా యిచ్చెను. సలహా మంచిదే. కాని పిల్లవాడు తండ్రితో చెప్పలేదు. చెప్పితినని గురువుతో బొంకెను. ఇచ్చటనే ఆ కథ తెగిపోయినదని మా యభిప్రాయము. తరగతిలో వెలిగిన దీప మింటి గడప దాటలేదు. గడపకు లోపల నున్న తల్లి, దాటించుటకు చేయి చాపలేదు. తుదకు పాఠశాల వారు తప్పంతయు గురువుపై వైచి అతనిని వెడలగొట్టిరి. టాడ్ మొదలగు కొందరు బల్లలపై నిలువబడి అతనికి వీడ్కోలు పలుకుటతో చిత్రము ముగియును. చూచువారు కన్నీరు పెట్టుకొందురు, మేమును పెట్టుకొంటిమి. ఐనను ఆ కన్నీటిలో ఆ తల్లిని మరచిపోవుట న్యాయము కాదు.

మన యిండ్లలో ఈ తల్లి లేదా? "మొక్కై వంగనిది మానై వంగునా" యనియు, "నలుగురితో నారాయణ" యనియు మనము పలుకని దినము లేదు. పదవతరగతి ముగిసినంతనే పక్కయింటివాడు చేరిన వసతి కళాశాలలోనే మనవాడును చేరవలెను. తెల్లవారకముందు మొదలై రాత్రి పొద్దుపోవువరకు సాగు చదువులో వాని కేమి యిష్టమో అడుగుటకు తీరిక యెవ్వరికిని లేదు. సెలవునాడు చూడబోయిన తల్లి తినుటకు పిండివంటలిచ్చి, మార్కు లెన్ని వచ్చినవని యడిగి వచ్చును. 2022వ సంవత్సరమున మన దేశములో 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని నేర గణాంకముల జాతీయ సంస్థ లెక్క చెప్పినది. వారందరును చదువు బరువుచేతనే పోయిరని మే మనము, కారణము లనేకములుండును. కాని అంతమంది యిండ్లలో, కడపటి మాట యేమై యుండునో తలచుకొన్న నిదుర పట్టదు.

ఇక రెండవ తల్లి. ఈమె మన తెలుగు తల్లి. 2024వ సంవత్సరము సెప్టెంబరులో విడుదలయైన "35 - చిన్న కథ కాదు" అను చిత్రమును మా పాఠకురాండ్రలో పెక్కుమంది చూచియే యుందురు. నందకిశోర్ ఈమాని దర్శకుడు. కథ తిరుపతిలో జరుగును. అరుణ్ అను బాలునికి లెక్కలు రావు. రాకపోవుటకు కారణము మందబుద్ధి కాదు, ఒక ప్రశ్న. సున్నకు విలువ లేదని చెప్పుదురు గదా, అట్టి సున్న ఒకటి పక్కన చేరినంతనే పది యెట్లయ్యెను? అది తొమ్మిది కన్న ఎక్కువ యెట్లయ్యెను? ఈ చిక్కు విడువక తక్కిన లెక్కలోనికి వాడు పోలేడు. ఉపాధ్యాయునికి పిల్లల పేర్లతో పని లేదు. వచ్చిన మార్కులే వారి పేర్లు. కావున అరుణ్ పేరు సున్న. కీటింగు వంటి గురువు ఈ బడిలో లేడు. తల్లి సరస్వతి పదవతరగతి తప్పిన గృహిణి. నివేదా థామస్ ఈ పాత్రను ఏ మెరుగులును లేక, మన పొరుగింటి యామెవలె నటించినది. ఆమె తనకు రాని లెక్కను తాను నేర్చుకొని కుమారునకు నేర్ప పూనుకొనును. వాడు దాటవలసిన గట్టు ముప్పదియైదు మార్కులు. ఇదే కథ.

ఆ బాలుని ప్రశ్న నవ్వులాటకు తగినది కాదు. సున్నను ఒక సంఖ్యగా నెంచి, కూడుటకును తీసివేయుటకును సూత్రములు చెప్పిన గ్రంథము క్రీస్తు శకము 628లో బ్రహ్మగుప్తుడు వ్రాసిన "బ్రహ్మస్ఫుట సిద్ధాంతము". అంతకుముందు గ్రీకులు, రోమనులు మహామేధావులై యుండియు ఈ సంగతి తేల్చలేకపోయిరి. అట్టి ప్రశ్నను పిల్లవాడు తనంత తా నడిగినచో వానికి సున్న మార్కు వేసితిమి! ఇంటిలో చింతపిక్క లున్నచో బదులు చెప్పుట కష్టము కాదు. పది పిక్కలను ఒక సంచిలో కట్టవలెను. సంచుల కొక చోటు, విడి పిక్కల కొక చోటు ఏర్పరుపవలెను. ఒక సంచి యున్నది, విడి పిక్క యొక్కటియు లేదు. ఆ ఖాళీ చోటిని కాపాడుటకు పెట్టిన గుర్తే సున్న. ఆ గుర్తు లేనిచో సంచి పోయి పిక్కల చోటిలో పడి, ఒక్క పిక్కయై కూర్చుండును. ఈ మాట చెప్పుటకు పావుగంట చాలును. కాని ఆ పావుగంట నేడే దొరకవలెను. పరీక్షలు కానిమ్ము, పండుగ వెళ్లనిమ్ము అన్నచో, ఆలస్యము అమృతమును విషము చేయునన్న సామెత యిచ్చటనే నిజమగును. రోము కవి చెప్పిన దినము, మన వంటింటిలో ఆ పావుగంటయే.

ఈ కథకు నెలవైన తిరుపతియు, మేము తరువాత చెప్పబోవు మదనపల్లె, పుంగనూరు, కుప్పములును పూర్వపు చిత్తూరు జిల్లాలోనివే. చిత్రమున కల్పనగా చూచిన సంగతి ఈ సీమలో నూరేండ్లకు పైగా నిజముగా జరుగుచున్నది. దానిని గూర్చి మన స్త్రీలు తెలిసికొనవలసినంత తెలిసికొనలేదు.

మదనపల్లెలో 1895వ సంవత్సరము మే నెలలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బడిలో మందమతి యని పేరుపడినవాడు. ఉపాధ్యాయులు కొట్టెడివారు. పరధ్యానముగా నుండెడివాడు. పలకయు పుస్తకములును పేదపిల్లల కిచ్చివైచి రిక్తహస్తములతో ఇల్లు చేరెడివాడు. ఆయన చరిత్ర వ్రాసినవా రొక ముచ్చట చెప్పుదురు. ఒకనాడు గడియారమును ముక్కలు ముక్కలుగా విప్పి, మరల కూర్చువరకును బడికి గాని, భోజనమునకు గాని కదలనని కూర్చుండెనట. నేడు మన యింట నట్లు జరిగినచో మన మేమందుము? బడి బండి వచ్చినది లెమ్మందుము. తల్లి సంజీవమ్మ ఆయనకు పదియేండ్లప్పుడే, 1905లో గతించెను. పిమ్మట దివ్యజ్ఞానసమాజము వారు ఆ బాలుని జగద్గురువుగా పెంచి, ఆయన చుట్టు ఒక సంఘమునే నెలకొల్పిరి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమున, వేలకొలది శిష్యుల యెదుట ఆయన ఆ సంఘమును తానే రద్దు చేసెను. సత్యమునకు గురువును, సంఘమును తోవ చూపలేవని ఆయన తలంపు. నలుగురితో నారాయణ యననివాడు ఇంతకు మించి యెవడుండును?

ఆయన కన్న ముందే మదనపల్లె పిల్లలు ఆ దారి పట్టిరి. అనిబిసెంటు స్ఫూర్తితో 1915లో ఇచ్చట కళాశాల వెలసెను. 1917 జూనులో మదరాసు ప్రభుత్వ మామెను నిర్బంధింపగా విద్యార్థులు నిరసనకు దిగిరి. రాజకీయములలో పాల్గొన్న కారణమున మదరాసు విశ్వవిద్యాలయము కళాశాలతో సంబంధము తెంచుకొనెను. వెల్టను బడిలో ఒక గురువును వెడలగొట్టిరి. ఇచ్చట గురువులను, శిష్యులను, కళాశాలను గూడ కలిపి వెడలగొట్టిరనవచ్చును. వారు లొంగక, అడయారు జాతీయ విశ్వవిద్యాలయమునకు అనుబంధించి చదువు సాగించిరి. ఆ జాతీయ విశ్వవిద్యాలయమునకు కులపతి రవీంద్రనాథ ఠాకూరు. ఆయనయే 1919లో విశ్రాంతికై మదనపల్లె వచ్చి, ఫిబ్రవరి 28వ తేదీన "జనగణమన"ను ఆంగ్లమునకు తానే అనువదించెను. దాని రాగమును స్వరలిపిలో నిలిపినది ప్రధానాచార్యుడు జేమ్స్ కజిన్స్ భార్య, మార్గరెట్ కజిన్స్.

ఈ మార్గరెట్ కజిన్స్ పేరు మన పత్రికలలో ఇంకను తరచుగా వినబడవలెను. ఐర్లండులో స్త్రీల వోటు హక్కునకై పోరాడి చెరసాల చూచి వచ్చిన యీమె, 1917లో భారత స్త్రీల సంఘమును స్థాపించినవారిలో నొకతె. ఆ యేడు డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము మాంటేగు మంత్రిని కలిసి వోటు హక్కు కోరుటకు పూనిక యీమెదే. 1927 జనవరిలో పూనాలో జరిగిన అఖిల భారత మహిళాసభ మొదటి సమావేశమునకును ఈమెయే కారకురాలు. ఆ సమావేశ మాలోచించిన విషయము విద్యా సంస్కరణము. చదువు ఎట్లుండవలెనో తల్లులు చెప్పవలెనని అప్పుడే తలచిరి. మన మిప్పుడు చెల్లింపవలసిన రుసుము మాత్రమే అడిగి వచ్చుచున్నాము.

ఒక మాట ఇచ్చటనే చెప్పవలెను. ఆ అమెరికా చిత్రము బాలుర కథ. ఆడుపిల్ల లందు అలంకారమునకే యున్నారు. దినమును జారవిడువకుమని ఆడుపిల్లతో ననువా రా కాలమున అచ్చట లేరు, మన పల్లెలలో నేటికిని అరుదు. ఆమెకు జారిపోవు దినము లెక్కువ. తమ్ముని బడి, తల్లి జబ్బు, మంచి సంబంధము అను పేరులతో అవి యొక్కటొక్కటిగా జారును. వివాహమునకు పదునెనిమిదేండ్లు నిండవలెనని 1978 నుండి చట్ట మున్నను, పదునెనిమిది నిండిన మరునాడే ముహూర్తము వెదకు తల్లిదండ్రుల నెరుగుదుము.

మదనపల్లెకు కొలది మైళ్ల దూరమున, ఋషికొండ నీడలో ఋషివ్యాలీ పాఠశాల యున్నది. కృష్ణమూర్తి భావములపై 1926లో పుట్టిన సంస్థ యిది. పోటీలు, బహుమానములు, ఒకరితో నొకరిని పోల్చుట అచ్చట పనికిరావు. సాయంకాలము పిల్లలు "అస్తాచల్" అని ఒక చోట చేరి, సూర్యు డస్తమించువరకు మాటలాడక కూర్చుందురు. ఏ మార్కును రాని పని! రోజును చూచుట కొక వేళ కేటాయించిన బడి మరియొకటి మా యెరుకలో లేదు.

అది కలిగినవారి బిడ్డల వసతి పాఠశాల యనియు, వేరుసెనగ సాగుచేయు రైతు బిడ్డ కేమి లాభమనియు మా సోదరి యొకతె యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 1980ల తరువాత ఆ సంస్థ చుట్టుపట్ల పల్లెలలో ఏర్పరచిన చిన్న బడులు దానికి కొంత సమాధానము. ఒకే గదిలో వేరువేరు తరగతుల పిల్లలు, ఒక్కరే ఉపాధ్యాయులు. పాఠములను చిన్న చిన్న చీట్లుగా విడదీసి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. ఏ బిడ్డ యే మెట్టుపై నున్నదో ఆ మెట్టునుండి తానే చీటి తీసికొని ముందునకు పోవును. జ్వరము వచ్చి పదిదినములు రాని పిల్ల, మరల వచ్చి తాను వదలిన చీటినే తీసికొనును. వెనుకబడుట యను మాటకే చోటు లేదు. చెన్నపట్టణము కార్పొరేషను బడులును ఈ పద్ధతినుండి నేర్చుకొని మార్పులు చేసికొనెను. ఈ పల్లె బడులలో మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది మెట్రిక్ మేళా. పిల్లలే అంగడులు పెట్టి తూచుదురు, కొలుతురు, చిల్లర లెక్క చెప్పుదురు. కొనువారు తల్లిదండ్రులు. అరుణ్ తల్లికి ఈ సంత దొరికియుండినచో ఆమె శ్రమ సగము తగ్గెడిది.

మదనపల్లె విడిచి కుప్పము దారి పట్టినవారికి మొదట పుంగనూరు తగులును. జమీందారీ కాలమునుండి పేరుగన్న ఈ యూరిని లోకము ఆవునుబట్టి యెరుగును. మూడడుగు లైన దాటని యీ చిట్టి ఆవు పాలలో వెన్నపాలు నూటికి ఎనిమిది వరకు నుండునని చెప్పుదురు. మామూలు ఆవుపాలలో మూడు, నాలుగు. తక్కువ మేతతో, కరవులో గూడ బ్రదుకును. ఎత్తునుబట్టి మార్కులు వేయు పరీక్షలో ఇది తప్పక తప్పిపోవును. పెద్ద ఆవులతో దాటించి యెత్తు పెంచబోయిన కాలమున ఈ జాతి దాదాపు నశించునంత పని యైనది. పలమనేరు పశుపరిశోధన క్షేత్రమువారును, కొందరు పెంపకందారులును పట్టుదలతో నిలిపిరి. బడి సంగతి చెప్పుచు ఆవు నేల తెచ్చితిరని యడుగవలదు. త్రోవలో నున్నది, చూడక పోలేకపోయితిమి.

పలమనేరు, వి.కోట దాటిన పిమ్మట మూడు రాష్ట్రముల కూడలిలో కుప్పము. ఋషివ్యాలీలో చదివిన రామ్‌జీ రాఘవన్ విదేశములలోని బ్యాంకు ఉద్యోగమును విడిచి, 1999లో మిత్రులతో కలిసి అగస్త్య సంస్థను స్థాపించెను. కుప్పమునకు చేరువలో 172 యెకరముల ఆవరణ యున్నది. ఒకప్పుడది రాతి నేల. నేడు చెట్లు, పక్షులు. సర్కారు బడులలో చదువు పల్లెపిల్లలు బండ్లపై వచ్చి, దినమంతయు యంత్రములను, గాజుపలకలను, లోలకములను చేతులతో త్రిప్పి చూతురు. రాలేనివారి యొద్దకు పరికరములను వాహనములలో, మోటారు సైకిళ్లపై గూడ పంపుదురు. విప్పుట నేరము కాదు. మదనపల్లె బాలుడు విప్పిన గడియారము ఇచ్చట వేల చేతులలో విప్పబడుచున్నది. ఇంకొక విశేషము: తోటిపిల్లలకు పాఠము చెప్పునట్లు పిల్లలనే తీర్చుదురు. ఒక బాలిక తన తరగతిలో మాటలాడుటకు వెరచినను, బల్లపై పరికరము పెట్టుకొని పదిమందికి వివరించునప్పుడు ఆ భయము మరచును. టాడ్ వంటి పిల్లవాడు ఇచ్చటి కొచ్చియుండినచో బాగుండెడిదని మే మనుకొంటిమి.

ఈ బడులకును కొఱత లున్నవి. దినము ముగిసి బండి యెక్కిన పిల్ల మరల తన బడిలోని వల్లెకే పోవును. పదవతరగతి పరీక్ష మారలేదు. ఆ పిల్ల యింటికి వచ్చి, అమ్మా, నేడు లోలకము చూచితిని, తాడు పొడుగైనకొలది నెమ్మదిగా ఊగుచున్న దెందుకని యడిగినప్పుడు, వంటింటిలో నున్నవారి వంతు వచ్చును. తెలియదని చెప్పవచ్చును. సరస్వతికిని తెలియదు. ఉయ్యాల తాడు విప్పి పొడుగు చేసి యిద్దరును చూడవచ్చును. వెల్టను తల్లి చెప్పిన మాట చెప్పరాదు.

చిత్రములను చూడగోరువారి కొక సూచన. "35" ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడదగినది. భర్తలను గూడ కూర్చుండబెట్టుడు. అమెరికా చిత్రమును తల్లులు ముందుగా తామొక్కరే చూచి, పిమ్మట పెద్దపిల్లలతో కలిసి చూచుట మేలు. అందలి మరణ ఘట్టమును పిల్లలు ఒంటరిగా చూడరాదు. చిత్రము ముగిసినంతనే దీపము లార్పి పడుకొనక, వారిని మాటలాడనిండు. బిడ్డ దిగులు మీ శక్తికి మించినదని తోచినచో, ప్రభుత్వము వారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అను సలహా కేంద్రమున్నది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ సంఖ్యను పంచాంగము వ్రేలాడు గోడపై, అందరికి కనబడునట్లు వ్రాసియుంచుడు.